ఇత్తడి నట్టు

పనిలో తప్పు చూపిస్తే మా మామగారికి కోపం రాదు, మౌనం వస్తుంది. దానికన్నా కోపమే నయం. ఆ ఉదయం కోల్డ్ స్టోరేజీ మిషన్ గదిలో, ప్రెజర్ గేజ్ కింది నట్టు చుట్టూ నీలం చెమ్మ కనిపించింది.

ఆ నట్టు బిగించింది ఆయనే. నేనక్కడ ఆపరేటర్ని. నాలుగు రోజుల కిందట మెకానిక్ రాకపోతే, నలభై ఏళ్లు ఏసీలు బాగుచేసిన చెయ్యి కదా అని మా ఆయనకు కూడా చెప్పకుండా మామగారిని పిలిపించాను. ఏసీ గ్యాసుకు ఇత్తడి భేషుగ్గా పనికొస్తుంది. మా మిషన్లో తిరిగే అమోనియాకు ఇనుమే ఉండాలి. అలవాటు కొద్దీ ఆయన ఇత్తడిది వేశారు, నేను చూసుకోలేదు. తిలాపాపం తలా పిడికెడు.

గోడ అవతల చల్లగదిలో మా ఆయన, మరో ఆరుగురు బస్తాలు సర్దుతున్నారు. దానికున్న ఒక్క తలుపూ మా మిషన్ గదిలోకే. నట్టు పగిలి ఆ విషవాయువు ఈ గదిని కమ్మితే వాళ్లకిక దారి లేదు.

తన పని చూసుకోవడానికి వచ్చిన మామగారు, అది పైపు రంగు కారడమేనని తేల్చేశారు. కాలేజీ ల్యాబులో నేను చూడని నీలమా అది? మైలుతుత్తం నీళ్లలో అమోనియా పోస్తే ముందు లేత నీలం మడ్డి దిగుతుంది. ఇంకా పోస్తే మడ్డి కరిగి సిరాలా ముదురుతుంది. ఇక్కడా అంతే, ఇత్తడిలోని రాగిని అమోనియా తినేస్తోంది. పైకి చెమ్మే, లోపల పగుళ్లు.

గుడ్డతో తుడిచి ఆయన ముక్కు దగ్గర పెట్టాను.

"రంగుకి ఇంత ఘాటెక్కడిది మామయ్యా?"

ఆయన మాట్లాడలేదు. నాకు ఒళ్లు మండింది. అవతల ఉన్నది ఆయన కొడుకే కదా! అంతలో, అక్కడున్న ఒకే ఒక్క గ్యాసు మాస్కు నేను తీసుకుంటే నా చేతిలోంచి లాక్కున్నారు.

"నువ్వెళ్లి వాళ్లని బయటికి తీసుకురా. వాల్వు నేను కట్టేస్తా."

వాల్వు నట్టుకు జానెడు దూరం. తిప్పితే అదురు నట్టుకే తగులుతుంది. అది తెలిసీ వెళ్లాను. ఏడుగురినీ లెక్కపెట్టి ఆయన వెనకనుంచే వాకిట్లోకి తోశాను.

వాల్వు కట్టి, పైపు ఖాళీ చేశాక స్పానర్ ఆనించారో లేదో, నట్టు రెండు ముక్కలైంది. బయటికి తెచ్చి చూపిస్తే మా ఆయన మండిపడ్డాడు. ఏ బుద్ధిలేనివాడు బిగించాడని అడిగాడు. మెకానిక్ పేరు చెప్పేద్దామని నేను నోరు తెరిచాను.

"నేనేరా," అన్నారు మామగారు.

మా ఆయన తల దించుకున్నాడు. మామగారు స్టోరులోంచి ఇనుప నట్టు వెతికి తెచ్చి, స్పానర్‌తో సహా నా చేతిలో పెట్టారు.

"నువ్వు బిగించమ్మా. నా చేతిమీద నాకు నమ్మకం పోయింది."