సున్నపు గొయ్యి

గొయ్యి గట్టు మీద అందరి ముందూ దర్జీ చేత చొక్కా విప్పించారు. నడుముకు పాతగుడ్డతో బిగించి కట్టుకున్న గొర్రెతొడ బయటపడింది. ఇంకా వెచ్చగానే ఉందేమో, చలిగాలికి సన్నగా ఆవిరి లేచింది.

మేస్త్రీ దాన్ని చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో ఎత్తి చూపించాడు.

"ఇది సర్కారు సొమ్ము!"

"సర్కారు పారేసిన సొమ్ము," అన్నాడు దర్జీ. "పారేసింది ఏరుకుంటే దొంగతనం ఎలా అయింది బాబూ?"

మేస్త్రీ తొడను గోతిలోకి గిరవాటేశాడు. "దాని మీద సున్నం పొయ్యి," అని పక్కనున్న మనిషికి చెప్పాడు. ఆ మనిషి కండెలక్క. ఆమె చేతిలో తట్ట ఉంది, తట్టలో సున్నం ఉంది. పోసింది. పొయ్యకపోతే దర్జీతో పాటు తనూ ఇంటిదారి పట్టాలి.

దర్జీ చొక్కా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వెళ్తూ ఆమె వంక చూశాడు గానీ ఒక్క మాట అనలేదు. రెండు తిట్లు తిట్టినా బాగుండును అనుకుంది కండెలక్క.

ఆమెది మిల్లు బతుకు. ఊహ తెలిసినప్పటి నుంచీ బట్టల మిల్లులో నూలు కండెలు చుట్టింది, ఆ పేరే మిగిలిపోయింది. మొగుడు అదే మిల్లులో ఫిట్టరు. మాంద్యం వచ్చిపడింది. బట్ట కావలసినవాళ్లు కోట్లమంది, కొనగలిగినవాళ్లు ఎక్కడా లేరు. గోదాముల్లో తానులు కప్పుదాకా పేరుకున్నాయి, మిల్లు గేటుకు గొలుసు పడింది. ఆ తానులు నేసినవాళ్ల పిల్లలు చిరుగులు కట్టుకుని తిరిగారు.

అప్పుడు సర్కారు సహాయ పథకం పెట్టింది. ఇంటికి ఒక్కరికే పని. ఫిట్టరు దగ్గు విని డాక్టరు తల అడ్డంగా ఊపాడు, పని కండెలక్కకి వచ్చింది. ఊరవతల బీడులో పెద్ద గొయ్యి తవ్వమన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. చెరువేమో అనుకున్నారు. "మనం తవ్విన చెరువులో మన పిల్లలు ఈత నేర్చుకుంటారు" అని నవ్వుకుంటూ, పందెం కట్టి మరీ తవ్వారు. తవ్వడం అయ్యాక నీళ్లు రాలేదు. సున్నం బస్తాలు వచ్చాయి. వాటి వెనక గొర్రెల మందలు వచ్చాయి. మందల వెనక, వాటిని గోతిలోకి దింపి కాల్చడానికి తుపాకులు.

మొదటి మంద వచ్చిన రోజు ఆఫీసరు కారు దిగి, బస్తాల మీదకెక్కి ఉపన్యాసం ఇచ్చాడు. "గొర్రెలు ఎక్కువయ్యాయి, కొనేవాళ్లు తక్కువయ్యారు. కొన్నిటిని లేకుండా చేస్తే ధర లేస్తుంది. కాపరి బతుకుతాడు. పాతిపెట్టడానికి మీకు పని దొరుకుతుంది. ఒకే దెబ్బకు రెండు పిట్టలు!"

"ఆ రెండో పిట్ట మేమేనా అయ్యగారూ?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. నవ్వి, పారలు పట్టుకున్నారు.

దర్జీని గెంటేసిన రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నం నీళ్లు తాగడానికి వదిలినప్పుడు తొట్టి చుట్టూ మూగారు.

"వాడు తినడానికి తీసుకున్నాడు, అమ్ముకోవడానికి కాదు," అంది కండెలక్క. "రేపు మంద వచ్చేసరికి మనం గోతిలోకి దిగి కూర్చుందాం. మన మీద కాలుస్తారా? మాంసం ఆకలిగొన్న ఇళ్లకి పంచేదాకా లేవొద్దు."

"నీకేం తల్లీ, ఒక్కతే పిల్ల," అన్నాడు మిల్లులో బండి తోలిన మనిషి. "నాకు ఇంటినిండా నోళ్లు. ఉన్న పని పోతే వాళ్లని నువ్వు సాకుతావా?"

"నేను సాకలేను. నిన్న నీ పిల్లలకి ఏం పెట్టావు?"

అతను తొట్టిలోకి వంగి నీళ్లు ముంచుకున్నాడు.

"గంజి. నేనూ అంతే. పొద్దంతా మాంసం పాతిపెట్టి, ఇంటికెళ్లి గంజి కాచుకుంటున్నాం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట. ఇది ఆ మందే."

వాదన ముదిరింది. ఒకరు పిరికివాళ్లన్నారు, ఒకరు పొగరన్నారు. చివరికి బండి తోలిన మనిషే, "సరే, దిగుదాం. ఎలాగూ అందులోకే పోయేవాళ్లం," అన్నాడు.

ఇంటికెళ్లి చెబితే ఫిట్టరు మండిపడ్డాడు. "నోటిదాకా వచ్చిన కూడు కాలదన్నుతావా? పిల్ల చేతులు చూశావా, అగ్గిపుల్లల్లా ఉన్నాయి!"

"చూశాను కాబట్టే," అంది. అతను దగ్గుతూ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు మంద వచ్చింది. తోలుకొచ్చిన కాపరి ముసలాయన, అరికాళ్లు పగిలి ఉన్నాయి. గోతిలో వరసగా కూర్చున్న జనాన్ని చూసి కర్ర నేలకేసి కొట్టాడు.

"లేవండి! మీరు లేవకపోతే వీటిని తీసుకోరు. తీసుకోకపోతే సర్కారు ఇస్తానన్న నాలుగు రాళ్లు నాకు రాలవు. బీళ్లు ఎండిపోయాయి, వీటికి మేత నేనెక్కడ తేను? మీ ఆకలికి నా కడుపు కొడతారా?"

"నీ కడుపు కొట్టేది మేం కాదు పెద్దాయనా," అంది కండెలక్క లోపలి నుంచి. "మొత్తం మంద ఇచ్చేస్తున్నావా?"

"మొత్తం."

"మీ ఊరి దొర?"

"ఆయనకేం, కుంటివీ ముసలివీ తోలించాడు. మేలైనవి దొడ్లోనే ఉన్నాయి. ఆయనకి బావులున్నాయి, మేత ఉంది."

"మరి ధర లేచేనాటికి అమ్ముకోవడానికి ఆయన దగ్గర మంద ఉంటుంది. నీ దగ్గర ఏముంటుంది?"

ఒక గొర్రె వచ్చి ముసలాయన మోకాలికి తల రుద్దింది. దాని వీపు మీద చెయ్యేసి మంద మొత్తాన్నీ ఒకసారి కలియజూశాడు. మేస్త్రీ ఏదో అరుస్తున్నాడు, ఆయనకి వినబడినట్టు లేదు. ఉన్నట్టుండి నాలుక మడిచి ఈల వేశాడు. మంద మొత్తం గిర్రున వెనక్కి తిరిగింది.

"పదండి," అన్నాడు. "మీ ఇళ్లెక్కడో చూపించండి. పాతరేసే బదులు ఎవరో ఒకరు తింటారు."

గోతిలోంచి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పైకొచ్చారు. మిల్లు వాడల దారిలో ముందు గొర్రెలు, వెనక జనం. గుమ్మాల్లోంచి ఆడవాళ్లు గిన్నెలతో బయటికొచ్చారు. దర్జీ పరిగెత్తుకొచ్చి కండెలక్క పక్కన నడిచాడు, ఈసారీ ఒక్క మాట అనలేదు. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆ వీధిలో గోల పండగ గోలలా వినిపించింది.

ఆ సంబరం వీధి మలుపు దాకానే. అక్కడ పోలీసు లారీలు అడ్డం పెట్టి ఉన్నాయి. లాఠీలు ముందు గొర్రెల మీద పడ్డాయి, తర్వాత మనుషుల మీద. ముసలాయన మందను వెనక్కి మళ్లించబోయి పడిపోయాడు. ఆయన మీదుగా ఎన్ని కాళ్లు వెళ్లాయో ఎవరికీ తెలియదు. గిన్నెలు మురిక్కాలవలో తేలాయి. కండెలక్కనీ దర్జీనీ బండి తోలిన మనిషినీ ఇంకా కొందరినీ లారీ ఎక్కించారు.

లారీ గోతి పక్క నుంచే వెళ్లింది. ఖాళీ అయిన పనుల కోసం అప్పుడే వరస కట్టారు జనం. ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారు. ఆఫీసరు ఈసారి డాక్టర్నేమీ కూర్చోబెట్టలేదు, నిలబడగలిగితే చాలన్నాడు. ఆ వరసలో తలకి గుడ్డ చుట్టుకుని, దగ్గు చేత్తో అదుముకుంటూ ఫిట్టరు నిలబడి ఉన్నాడు. లారీలో భార్యని చూశాడు. తల దించుకున్నాడు. వరస ముందుకు జరిగింది, అతనూ జరిగాడు.

కొన్నాళ్లకి జైలుకి చూడటానికొచ్చాడు. ఊచలకి అవతల నిలబడి చాలాసేపు గోళ్లు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో సున్నం.

"నేనే పూడ్చాను," అన్నాడు చివరికి. "నా చేతుల్తోనే. ఆ రోజు వాళ్లు వెనక్కి తోలుకొచ్చి చంపిన మొత్తం మందని."

"పిల్ల తిన్నదా?"

"తిన్నది. అంటే... గంజే."

"పెద్దాయన?"

"ఆస్పత్రిలో పోయాడు. మట్టి చెయ్యడానికి ఆయన తరఫు ఎవరూ రాలేదు. దర్జీ పెళ్లామూ నేనూ వెళ్లాం."

కండెలక్క కళ్లు మూసుకుంది. ఆమె తిడుతుందని ఎదురుచూశాడు. కాళ్ల మీద పడాలన్నా మధ్యలో ఊచలున్నాయి.

"ఇంకా పని ఉందా?" అని అడిగింది.

"ఉంది. ఆ గొయ్యి నిండిపోయింది. పక్కనే ఇంకోటి మొదలుపెట్టమన్నారు రేపటి నుంచి. దీనికంటే పెద్దది."

ఆమె ఊచల దగ్గరికి జరిగింది. జైలు వార్డరు వినకుండా గొంతు తగ్గించింది.

"మేం తవ్వడం అంతా అయ్యాక మాట్లాడుకున్నామయ్యా. అదే మా పొరపాటు. మీరు మొదటి పార దించకముందే మాట్లాడుకోండి."

ఫిట్టరు ఏదో చెప్పబోయాడు, దగ్గు అడ్డొచ్చింది. వార్డరు టైమైపోయిందని గంట కొట్టాడు. ఫిట్టరు దగ్గుతూనే సరేనని తల ఊపి, గేటు వైపు నడిచాడు.