నీళ్ళు తాగిన గోడ

నేను ఒక గోడను. ఇటుక గోడను కాదు. సిల్వర్ ఓక్ చెక్కలను ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా పేర్చి, జిగురు పట్టించి, యంత్రంలో అదిమి తయారుచేసిన ప్యానెల్‌ను. పాడేరు కొండల్లో కాఫీ మొక్కలకు నీడనిచ్చిన చెట్లు నా పూర్వీకులు. ఆ కొండల్లోనే కడుతున్న ప్రభుత్వ గ్రంథాలయంలో నన్ను తెచ్చి నిలబెట్టారు.

చెక్క గ్రంథాలయమన్న ఆలోచన అసిస్టెంట్ ఇంజనీరు హైమవతిది. ఇది నిలిస్తే తక్కిన మండలాల్లోనూ ఇలాగే కట్టవచ్చు. నిలవకపోతే మళ్ళీ సిమెంటే.

పునాది కట్టిన మేస్త్రీ బంగారునాయుడు పని మీద భక్తి గలవాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. లేచిన గోడకు నీళ్ళు పట్టనిదే ఆయనకు ముద్ద దిగదు. హైమవతి విశాఖపట్నం వెళ్ళిన వారమంతా నా అడుగుభాగానికి గోనెపట్టాలు చుట్టి, రెండు పూటలా శ్రద్ధగా తడిపాడు. నేనూ అంతే శ్రద్ధగా ఉబ్బాను.

తిరిగి వచ్చిన హైమవతి గోనెపట్టా విప్పి చూసింది.

“ఏమిటిది నాయుడుగారూ?”

“క్యూరింగండి మేడమ్. గోడన్నాక తడపకపోతే బీటలు తీసెయ్యదేటండి?”

చెక్క తడిస్తే ఉబ్బిపోతుందని ఆమె చెప్పాక ఆయన ముఖం పాలిపోయింది. “పెద్దసారు ఇయాలే వస్తన్నారు కదండీ. కింద టైలు అంటించేస్తే కనబడదు మేడమ్.”

టైల్స్ పక్కనే ఉన్నాయి. హైమవతి వాటి వంక కాసేపు చూసింది గాని, అంటించమనలేదు.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పరాంకుశం గారు వచ్చి, వంగి, నా అంచు తడిమారు.

“చెక్క బుద్ధి చూపించిందన్నమాట. ముందే చెప్పానా, హైమవతీ?”

“చెక్క తప్పు కాదు సార్. కప్పు పడేదాకా దీన్ని తడవనివ్వకూడదు. ఆ మాట నేను మేస్త్రీకి చెప్పలేదు. కింద జానెడు కోసి, రాతి దిమ్మె మీద నిలబెడితే చాలు.”

“రిపోర్టులో నీ పేరే రాయాల్సి వస్తుంది మరి.”

“రాయండి సార్.”

మనుషులు తమ తప్పులను గోడల మీదికి నెట్టడమే నేను విన్నాను. గోడ తప్పు కాదని ఒక మనిషి చెప్పగా వినడం అదే మొదలు.

ఆయన రాశారు. ఆ ఏడు ఆమె ప్రమోషన్ ఆగింది. నన్ను మాత్రం పీకలేదు. ఇప్పుడు పక్క మండలంలోనూ చెక్క గ్రంథాలయమే లేస్తున్నది. అక్కడ పని ముగించుకుని ఇంటికి పోతూ నాయుడు ఇటు తొంగిచూస్తాడు. పేపరు చదవడు. నేల తుడిచే జోగమ్మ నా దాకా రాగానే గుమ్మంలోంచే అంటాడు:

“ఓలమ్మా జోగమ్మా, తడిగుడ్డ అక్కడితో ఆపీ. దీనికోసం మేడమ్ మాట పడ్డారు.”