మంచుదారికి కొన్న టైర్లు

డెబ్బై ఏళ్లు నిండేదాకా రుక్మిణమ్మకు మంచు చూడాలన్న కోరిక ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. హైదరాబాదు కార్వాన్‌లో ఆమె కొడుకు సోమశేఖర్ సేఠ్‌ది ఆపిల్ పండ్ల టోకు వ్యాపారం. సిమ్లా అవతల కోట్‌గఢ్ నుంచి పెట్టెలు పంపే తోటల యజమాని, 1974 జనవరి చివర్లో తన కొడుకు పెళ్లికి రమ్మని శుభలేఖ పంపాడు. సేఠ్ ఒక్కడే రైల్లో వెళ్లి వద్దామనుకున్నాడు. తల్లి మాత్రం ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, ఇప్పుడు అక్కడ మంచు పడుతుందా అని అడిగింది. పడుతుందన్నాడు. అయితే తానూ వస్తానంది.

ఆమెకు మడి పట్టింపు ఎక్కువ. రైల్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. సొంత పొయ్యి, సొంత గిన్నెలు పెట్టుకుని కారులో అయితే వస్తుంది. కొడుకు ఎంత చెప్పినా వినలేదు. చివరికి సేఠ్ తన డ్రైవర్ ఇశ్రాయేలును పిలిచి, మంచులో నడవడానికి ఎలాంటి బండి కావాలని అడిగాడు. ఆరేళ్ల కొలువులో మొదటిసారి అతన్ని కుర్చీలో కూర్చోమన్నాడు.

ఇశ్రాయేలుది బహదూర్‌పురా. చైనా యుద్ధం అయ్యాక మిలిటరీలో చేరి ఐదేళ్లు లడఖ్ కొండల్లో సరుకు లారీలు తోలాడు. హైదరాబాదుకు తిరిగొచ్చాక ఆ విద్యతో ఎవరికీ పని పడలేదు. మంచు మీద బండి ఎలా జారుతుందో, జారినప్పుడు కాలు బ్రేకు మీదికి పోకుండా ఎలా పట్టుకోవాలో చెప్పబోతే, ఎండకు చెమటలు కక్కుతూ వినేవాళ్లు నవ్వి ఊరుకునేవారు. ఇప్పుడు సేఠ్ అడుగుతుంటే అతను గంటసేపు ఆగకుండా చెప్పాడు.

సేఠ్ దగ్గరున్న ఫియట్ కొత్తదే. కానీ తేలిక బండి, కింద ఎత్తు తక్కువ, మంచు పేరుకుంటే కడుపు ఆనుతుందన్నాడు. బార్కస్‌లో ఒకాయన జీపు అమ్మకానికి పెట్టాడని సేఠ్ అంటే ఇద్దరూ వెళ్లి చూశారు. నాలుగు చక్రాలూ లాగే బండి, మంచుకు దాన్ని మించింది లేదు. అయితే పైన గుడ్డ కప్పు, పక్కన తలుపుల్లేవు. ఆ చలిగాలికి పెద్దమ్మ తట్టుకోలేదని ఇశ్రాయేలు వద్దన్నాడు. తర్వాత ఎవరో డాక్టరు అమ్ముతానన్న అంబాసిడర్‌ను వెళ్లి పరీక్షగా చూశాడు. ఇంజను తెరిచాడు, కిందికి దూరి చూశాడు, గోల్కొండ ఎత్తు మీద రెండో గేరులో ఎక్కించి దించాడు. బరువైన బండి. డిక్కీలో రెండు ఇసుక మూటలు వేస్తే లాగే వెనక చక్రాల మీద బరువు పడి పట్టు ఇంకా పెరుగుతుంది. సేఠ్ దాన్నే కొన్నాడు.

ఇక టైర్లు. బజార్లో కొత్త టైర్లు దొరకని రోజులవి. పేరు రాయించుకుని నెలల తరబడి ఆగాల్సి వచ్చేది. అసలు వెడల్పాటి టైర్లు అయితే మంచివి కదా అని సేఠ్ అడిగాడు.

"వెడల్పుది వద్దు సేఠ్. మంచు మీద తేలుతది. సన్నగుండాలె, గాడి లోతుగుండాలె. మంచును కోసుకుంట దిగి కింద నేలను పట్టుకోవాలె," అన్నాడు ఇశ్రాయేలు.

సేఠ్ బొంబాయిలో తెలిసినవాళ్లకు చెప్పి, స్టెప్నీతో కలిపి ఐదు టైర్లు తెప్పించాడు. ఇశ్రాయేలు ఒక్కొక్కదాని గాడిలోకి వేలు పోనిచ్చి చూసి తృప్తిపడ్డాడు. కార్వాన్‌లోనే ఎవరిచేతనైనా వేయిద్దామని సేఠ్ అంటే అతనే ఒప్పుకోలేదు. బహదూర్‌పురాలో తన దోస్తు శివయ్య ఉన్నాడు, అతని చేత వేయిస్తానన్నాడు.

శివయ్యకు టైర్ల దుకాణం ఉంది. పంక్చర్లు వేస్తాడు, అరిగిపోయిన టైర్ల మీద కొత్త రబ్బరు అతికించి రిట్రేడ్ చేస్తాడు. ఇద్దరూ ఒకే గల్లీలో పెరిగారు. ఇశ్రాయేలు లడఖ్‌లో ఉన్నప్పుడు అతని తండ్రి మంచాన పడితే, శివయ్యే రిక్షాలో పడుకోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడు. ప్రాణం పోయినప్పుడు పక్కన ఉన్నదీ, శవపెట్టెకు భుజం పట్టిందీ శివయ్యే. టెలిగ్రాం ఇశ్రాయేలుకు ఎనిమిది రోజుల తర్వాత అందింది. అప్పట్నుంచి ఇశ్రాయేలు భార్య ఆగమ్మ శివయ్యను సొంత అన్నలా చూసేది.

బండి రెండు రోజులు శివయ్య దగ్గర ఉంది. ఆ రెండు రోజులూ ఇశ్రాయేలు సికింద్రాబాదులో మిలిటరీ పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి, వెనక చక్రాలకు కట్టే ఇనుప గొలుసులు సంపాదించాడు. రేడియేటర్ నీళ్లు గడ్డకట్టకుండా పోసే మందు, ఒక పార, రెండు రగ్గులు కొన్నాడు. ప్రయాణం రోజు పొద్దున బండి తీసుకోవడానికి వెళ్తే శివయ్య దాన్ని కడిగి తుడిచి, టైర్లకు నల్లటి పాలిష్ పెట్టి నిలబెట్టాడు. ఇశ్రాయేలు నూనె చూశాడు, బ్రేకు చూశాడు, బ్యాటరీ చూశాడు. టైర్ల దగ్గర వంగలేదు. శివయ్య వేసినవి కదా.

దారి బాగానే సాగింది. రుక్మిణమ్మ చెట్ల కింద పొయ్యి పెట్టుకుని వండుకునేది. ఝాన్సీ దాటాక వెనక నుంచి సన్నటి రొద వినిపించింది. ఇశ్రాయేలు ఒకసారి బండి ఆపి చక్రాలను కాలితో తన్ని చూశాడు. గాలి సరిగానే ఉంది. కొత్త రబ్బరు కొన్నాళ్లు అలా మోగుతుందిలే అని సర్దుకున్నాడు.

సిమ్లా దాటి ఠియోగ్ వచ్చేసరికి రోడ్డు తెల్లబడింది. ఇశ్రాయేలు వెనక చక్రాలకు గొలుసులు కట్టాడు. ఒక మలుపు దగ్గర రుక్మిణమ్మ బండి ఆపించి దిగి, వంగి, స్టీలు గ్లాసు నిండా మంచు తీసుకుంది. కాసేపు దాన్ని చూసి నోట్లో వేసుకుంది. దీన్ని ఎవరూ ముట్టలేదు కదరా అని కొడుకుతో అంది. సేఠ్ నవ్వాడు. వెనక్కి తిరిగి, నువ్వు లేకుంటే మా అమ్మ ఇది చూసేది కాదని ఇశ్రాయేలుతో అన్నాడు. ఆ మాటకు ఇశ్రాయేలు గొలుసులు బిగిస్తున్నట్టు వంగాడు.

పెళ్లి అయ్యాక తిరుగు ప్రయాణం. పొద్దున పది గంటలకు నార్కండా నుంచి దిగుతున్నారు. రోడ్డు మీద మంచు గాజులా గట్టిపడి ఉంది. ఇశ్రాయేలు రెండో గేరులో, బ్రేకు తాకకుండా దించుతున్నాడు. ఒక్కసారిగా వెనక ఎడమ చక్రం దగ్గర గోనె చించినట్టు చప్పుడైంది. టైరు పైపొర ఊడి, గొలుసుతో కలిసి మడ్‌గార్డ్‌లో చుట్టుకుంది. బండి వెనక భాగం ఎడమకు, లోయ వైపు తిరిగింది. సేఠ్ గట్టిగా అరిచి డాష్‌బోర్డు పట్టుకున్నాడు. ఇశ్రాయేలు బ్రేకు తొక్కలేదు. స్టీరింగును కొంచెం ఎడమకు వదిలి, బండి పట్టు దొరికీ దొరకగానే కుడికి లాగి కొండ గోడకు కొట్టించాడు. అద్దం పగిలింది. వెనక సీట్లో రుక్మిణమ్మ చేయి తలుపుకు తగిలి మణికట్టు విరిగింది. లోయ అంచుకు నాలుగు అడుగుల దూరంలో ఎడమ చక్రం ఆగి ఉంది.

ఇశ్రాయేలు దిగి ఊడిన రబ్బరు ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. ఒక వైపు కొత్త గాడులు. రెండో వైపు నున్నగా, అతికించిన జిగురు గుర్తులు. మిగతా చక్రాల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని అంచుల వెంట గోరు నడిపాడు. మూడింటికీ అతుకు తగిలింది. స్టెప్నీ తీసి చూశాడు. అదీ అంతే.

సేఠ్ వెనక వచ్చి నిలబడ్డాడు. ఇవి శివయ్య వేసిన టైర్లే కదా అని అడిగాడు. అవునన్నాడు ఇశ్రాయేలు.

"మంచుకు ఏ టైరు గావాల్నో నాకు గంట సేపు చెప్పినవు. నీ బండికి ఏ టైరు ఉన్నదో నీకు ఎర్క లేదా?"

"లేదు సేఠ్," అన్నాడు ఇశ్రాయేలు. ఆ మాట తనకే అబద్ధంలా వినిపించింది.

ఒక లారీ వాళ్లను ఠియోగ్ దాకా లాక్కొచ్చింది. సిమ్లా ఆస్పత్రిలో పెద్దమ్మ చేతికి కట్టు వేశారు. తోటల యజమాని తన బండివి పాత టైర్లే కానీ మంచివి ఐదు పంపాడు. ఇశ్రాయేలు తోలే బండిలో తల్లిని మళ్లీ ఎక్కించడానికి సేఠ్‌కు మనసొప్పలేదు. సిమ్లాలోనే ఆమెను రైలెక్కించి తానూ వెంట వెళ్లాడు. మడి సంగతి ఆమె ఎత్తలేదు. ఇశ్రాయేలు ఒక్కడే ఆరు రోజులు బండి తోలుకుంటూ వచ్చాడు. దారి పొడుగునా శివయ్యకు తెలియకుండా జరిగి ఉంటుందని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. దుకాణంలో ఎవరో మార్చి ఉంటారు, లేదా బొంబాయి నుంచి వచ్చినవే అలాంటివి. కానీ వాటి గాడిలో వేలు పెట్టి చూసింది తానే. నాగపూరు దాటేసరికి ఆ సమాధానాలన్నీ అయిపోయాయి.

కార్వాన్ చేరి తాళంచెవి ఇస్తే సేఠ్ అందుకుని జేబులో వేసుకున్నాడు. రేపటి నుంచి రావద్దన్నాడు. రైలు దిగిన రోజే తాను శివయ్య దగ్గరికి వెళ్లి అడిగానని చెప్పాడు. "నువ్వు చూసి, ఇవి నడుస్తయి అంటెనే పెట్టిండట. గట్లనే చెప్పిండు నాతోని."

ఇశ్రాయేలు గుమ్మం దాటి బయటకు వచ్చాడు. బస్సెక్కాలన్న ధ్యాస కూడా లేక బహదూర్‌పురా దాకా నడిచాడు. శివయ్య దుకాణం ముందు అతని కొడుకు వైకుంఠం టాక్సీ ఆగి ఉంది. అదీ అంబాసిడరే. కొత్త పర్మిట్ కోసం ఆ నెలలోనే తనిఖీకి పెట్టాల్సిన బండి. దాని టైర్ల గాడులు లోతుగా, పదునుగా ఉన్నాయి. ఇశ్రాయేలు వంగి ఒక గాడిలో వేలు పెట్టాడు. గుర్తుపట్టాడు.

శివయ్య లోపలి నుంచి వచ్చి, చూసి, తల దించుకున్నాడు. వైకుంఠం లేడు. దుకాణంలో ఇంకెవరూ లేరు. శివయ్య స్టూలు జరిపాడు. ఇశ్రాయేలు కూర్చోలేదు.

బొంబాయి టైర్లు కళ్ల ముందు కనబడేసరికి మనసు ఆగలేదని శివయ్య మెల్లగా చెప్పాడు. అరిగిన టైర్లతో వైకుంఠం బండి తనిఖీలో నెగ్గదు, ఊరంతా తిరిగినా కొత్తవి దొరకలేదు. తాను పెట్టిన రబ్బరు గట్టిదేనని, చేతనైనంత బాగా అతికించానని అన్నాడు. గొలుసులు కడితే ఊడుతుందని తెలియలేదన్నాడు.

"నన్ను అడిగితే చెప్పకపోదునా? ముగ్గురం ఉంటిమి అండ్ల."

"నువ్వు నడుపుతున్నవు గద ఇశ్రాయేలూ. నీ చేతి మీద భరోసతోని పెట్టిన. ఇంకొకని బండైతే పెట్టకపోదును."

ఇశ్రాయేలుకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తన పనితనాన్ని ఈ ఊళ్లో నమ్మినవాడు ఇతనొక్కడే, ఆ నమ్మకంతోనే తనను లోయ అంచుకు పంపాడు. మరి సేఠ్‌తో అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాడు. సేఠ్ పోలీసుల మాట ఎత్తేసరికి భయమేసి నోటికొచ్చింది చెప్పానని, నిన్నయితే మీ సేఠ్ క్షమిస్తాడనుకున్నానని శివయ్య అన్నాడు. రేపు పొద్దున నాతో వచ్చి నిజం చెప్పు, ఇంకేం అడగనన్నాడు ఇశ్రాయేలు. వస్తానని శివయ్య మాటిచ్చాడు.

మర్నాడు ఇశ్రాయేలు పదింటిదాకా గల్లీ మొదట్లో నిలబడ్డాడు. దుకాణానికి తాళం వేసి ఉంది. శివయ్య భార్య కాశమ్మ, ఆయన పొద్దున్నే నల్గొండ పోయిండని చెప్పింది. ఇశ్రాయేలు ముఖం వైపు చూడలేక చెంగు సర్దుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి ఆగమ్మకు జరిగింది మొత్తం చెప్పాడు. ఆమె నమ్మలేదు. మీ నాయినను ఎత్తుకుపోయిన మనిషి అట్ల చేస్తాడా అని పదే పదే అడిగింది. అదే మనిషి ఇదీ చేశాడు. రెండూ నిజమే.

వారం తర్వాత రుక్మిణమ్మ కబురు పెట్టింది. చేతికి పిండికట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. సేఠ్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆమె ఇశ్రాయేలును దగ్గరికి పిలిచి, కొడుకు వినేలా చెప్పింది.

"బండి జారంగ వీడు కండ్లు మూసుకున్నడు. నేను నీ చేతులనే చూసిన. టైర్ల సంగతి ఎర్క ఉన్నోడు నన్ను గా తొవ్వకు తోలుకపోడు."

ఇశ్రాయేలు ఆమె ముందు తలవంచి నిలబడి ఏడ్చాడు. సేఠ్ రేపటి నుంచి పనిలోకి రమ్మన్నాడు. ఇశ్రాయేలు పెద్దమ్మకు దండం పెట్టి, రాలేనన్నాడు. సేఠ్ వైపు తిరిగి, మీరు ఆ రోజు అడిగిన మాటలో తప్పు లేదు, నా బండి టైరు నేనే చూసుకోలేదు, ఇక మీ బండి తోలితే ఆ మాటే వినిపిస్తుందన్నాడు. సేఠ్ బలవంతపెట్టలేదు.

వేసవిలో ఇశ్రాయేలుకు బస్సు డిపోలో డ్రైవరు పని దొరికింది. వైకుంఠం టాక్సీ తనిఖీలో నెగ్గింది. ఆ బండి రోజూ గల్లీలోంచే పోయేది. అది కనబడితే ఇశ్రాయేలు ముఖం తిప్పుకునేవాడు కాదు, పోయేదాకా చూసేవాడు.

వానాకాలం మొదట్లో, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి శివయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆగమ్మ నీళ్లిచ్చింది గాని అన్నా అని పిలవలేదు. శివయ్య గ్లాసు పట్టుకుని, ఇప్పుడు సేఠ్ దగ్గరికి పోదాం, నేనే నిజం చెబుతానన్నాడు.

"సేఠ్‌కు ఎర్కయింది శివయ్యా," అన్నాడు ఇశ్రాయేలు. "నువ్వేందో నాకే ఇన్నేండ్లు ఎర్క లేకుండె."

శివయ్య నీళ్లు తాగకుండానే గ్లాసు గట్టు మీద పెట్టి, వాన పడుతుండగానే వెళ్లిపోయాడు. ఇశ్రాయేలు పిలవలేదు. ఆగమ్మ అన్నం వడ్డించనా అని అడిగితే, వడ్డించమని చెప్పి లోపలికి నడిచాడు.