చప్పట్ల సారు ఇంట్లో డెమో

ఆఫీసులో ఆయన్ని అందరూ చప్పట్ల సారు అంటారు. ఎదురుగా కాదు, వెనక. ఆయన పెట్టే ఏ మీటింగూ చప్పట్లు లేకుండా ముగియదు. రెండు వారాలకోసారి క్లయింటుని పిలిచి, అప్పటిదాకా తన టీము చేసిన పని తెర మీద చూపిస్తాడు. దాన్ని డెమో అంటారు. చేసింది గోరంత, చూపించేది కొండంత. చివర్లో ముందుగా ఆయనే చప్పట్లు మొదలుపెడతాడు. జీతగాళ్ళు కాబట్టి మిగతావాళ్ళూ కొడతారు. ఊరుకుంటే బాగుండదని క్లయింటూ కొడతాడు.

ఈ పద్ధతి పేరు ఎజైల్. పనంతా చేసి ఒక్కసారిగా నెత్తిన పడెయ్యకుండా, స్ప్రింట్లనే చిన్న చిన్న విడతలుగా చేసి, ఎప్పటికప్పుడు చూపించి, క్లయింటు చెప్పింది విని దిద్దుకోవడం. పద్ధతిలో వంక పెట్టడానికేమీ లేదు. అందులో చూపించడం అనే ఒక్క ముక్కే మన సారుకి ఒంటబట్టింది.

ప్రస్తుతం ఆయనకి దొరికిన క్లయింటు బాత్రూములు కట్టే కంపెనీ ఆసామి. భారీ మనిషి, భారీ నవ్వు. ఎవరైనా బాత్రూము కావాలని ఫోను చేస్తే, ఖాళీగా ఉన్న మేస్త్రిని సాఫ్ట్‌వేరే వెతికి ఇద్దరికీ మెసేజీ పంపాలి. ఆయన అడిగింది అంతే. మొదటి డెమోలో సారు ఒక బటన్ నొక్కగానే ఆసామి ఫోను గణగణలాడింది: "మీ మేస్త్రి రేపు పదింటికి వస్తాడు." ఆసామి మురిసిపోయాడు.

మెసేజీ పంపింది సాఫ్ట్‌వేరు కాదు. పక్కగదిలో కూర్చున్న టెస్టింగు అమ్మాయి తన ఫోన్లోంచి పంపింది. చేతులు కడుక్కుందామని లేచిన ఆసామి పొరపాటున ఆ గది తలుపే తోసి, ఆ అమ్మాయినీ, ఆమె చేతిలో ఫోన్నీ చూశాడు. ఆ అమ్మాయి గబుక్కున ఫోను చున్నీ కింద దాచుకుంది. సారు మాత్రం తొణకలేదు, బెణకలేదు.

"పద్ధతే అదండీ. ముందు మీకు చూపిస్తాం, మీరు బాగుందంటే అప్పుడు వెనక పని చేస్తాం. క్లయింటుకి నమ్మకం కలిగేది ఇలాగే."

ఆసామి కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఇన్నేళ్ళు వృథా చేశానండీ. మేం పనంతా చేసి చూపిస్తాం, అయినా తిడతారు. ఈ కిటుకు నాకెవరూ చెప్పలేదు."

అప్పట్నుంచి సారుని గురువుగారూ అని పిలవడం మొదలుపెట్టాడు. సారుకి ఆ పిలుపు ఇంపుగా ఉంది. ఆ తర్వాత డెమోలు ఎన్ని జరిగినా, పక్కగదిలో అమ్మాయి కుర్చీ మాత్రం ఖాళీ కాలేదు.

ఇలా ఉండగా సారు వాళ్ళమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనైంది. మెట్లెక్కకూడదు, వంగకూడదు అన్నారు. ఇంట్లో ఉన్న ఒక్క బాత్రూమూ పైన ఉంది. ఆసుపత్రిలో స్నానం చేయించడానికి ఎవరో ఒకరు వస్తారు, చీర విప్పుతారు, తిప్పుతారు, తుడుస్తారు. ఆవిడకి ప్రాణం చచ్చిపోయేది.

"ఇంకొకళ్ళ చెయ్యి పడకుండా నా ఒళ్ళు నేను కడుక్కునే చోటు చూపించరా. అప్పుడొస్తా ఇంటికి. లేకపోతే ఇక్కడే ఉంటా" అంది కొడుకుతో.

ఆ మాట సారుకి గుచ్చుకుంది. కింద సామాన్ల గదిని బాత్రూముగా మార్చాలనుకున్నాడు. "మన వీధి మేస్త్రిని పిలుద్దామండీ, నాలుగు రోజుల్లో చేసేస్తాడు" అంది భార్య. సారు వినలేదు. చేతిలో ఆసామి ఉండగా వీధి మేస్త్రి ఎందుకు? ఆసామి కూడా ఎగిరి గంతేశాడు. "మీ ఇల్లు మీ పద్ధతిలోనే చేద్దాం గురువుగారూ."

మర్నాటి నుంచి పొద్దున్నే పనివాళ్ళు గుమ్మం దగ్గర వరసగా నిలబడి, నిన్నేం చేశారో, ఇవాళేం చేస్తారో ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చెప్పేవాళ్ళు. అందరూ చెప్పేసరికి టీ వేళయ్యేది. హాలు గోడ నిండా పనికొకటి చొప్పున రంగు కాగితాలు అంటించారు. పని అయిందన్నప్పుడల్లా ఒక్కోటీ పక్కకి జరుగుతుంటే సారు కళ్ళు చెమ్మగిల్లాయి. తన పద్ధతిని ఇంత శ్రద్ధగా పాటించినవాళ్ళు తన ఆఫీసులోనే లేరు.

శుక్రవారం డెమో. గోడలకి తెల్లటి పలకలు, కూర్చుని స్నానం చెయ్యడానికి బల్ల, పట్టుకోవడానికి స్టీలు కడ్డీ. సారు కడ్డీని లాగి చూశాడు, కదల్లేదు. ఆసామి కుళాయి తిప్పాడు. నీళ్ళొచ్చాయి. చప్పట్ల సారు చప్పట్లు కొట్టాడు. కొట్టి, అక్కడికక్కడే ఫోటో తీసి అమ్మకి పంపించాడు. అది చూసి ఆవిడ తన చీరలు సర్దుకుంది.

శనివారం మధ్యాహ్నం అమ్మ ఇంటికొచ్చింది. వాకరు పట్టుకుని తిన్నగా బాత్రూములోకే వెళ్ళి, బల్ల మీద కూర్చుని కుళాయి తిప్పింది. రెండు చుక్కలు రాలాయి. మళ్ళీ తిప్పింది. అవీ లేవు.

సారు పెరట్లోకి పరిగెత్తాడు. బాత్రూము గోడలోంచి జానెడు పైపు బయటికొచ్చి ఉంది. దాని మూతికి గరాటు. కింద స్టూలు. పక్కన ఖాళీ బకెట్టు. నీళ్ళు బయటికి పోయే దారి వేశారు గానీ, వచ్చే దారి వెయ్యలేదు. సారుకి కళ్ళముందు పక్కగది అమ్మాయి కదిలింది.

వెంటనే ఆసామికి ఫోను చేశాడు.

"నిన్నది డెమోనే కదండీ" అన్నాడు ఆసామి హుషారుగా. "మావాడు వెనక బకెట్టు పట్టుకున్నాడు. మీకు నచ్చింది, చప్పట్లు కొట్టారు. నీళ్ళ లైను వచ్చే స్ప్రింట్లో వేస్తాం. బాగా కుదిరింది కదా గురువుగారూ?"

తిడదామనే ఫోను చేశాడు. ఏ మొహం పెట్టుకుని తిడతాడు? ఫోను పెట్టేసి లోపలికొచ్చాడు. అమ్మ ఇంకా బల్ల మీదే కూర్చుని ఉంది, తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని.

"నిన్న నువ్వు చూడలేదట్రా?"

"చూశానమ్మా."

"చూసి?"

"చప్పట్లు కొట్టాను."

జరిగిందంతా చెప్పాడు. అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆసుపత్రికి మళ్ళీ పోను. ఆ బకెట్టు పట్టుకున్నతన్ని పిలవరా, తలుపేసుకుని నా స్నానం నేను చేస్తా" అంది.

పిలవడానికి ఎవరున్నారు? సారు పొయ్యి మీద నీళ్ళు కాచి, చల్లనీళ్ళు కలిపి, ఆఫీసు చొక్కాతోనే స్టూలెక్కాడు. బకెట్టు భుజం దాకా ఎత్తి గరాటులో సన్నగా పోయడం మొదలుపెట్టాడు. లోపల నీళ్ళ చప్పుడు వినిపించింది. పోస్తుంటే ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు.

జేబులో ఫోను మోగింది. మోగీ మోగీ ఆగి, మళ్ళీ మోగింది. ఒక చేత్తో బకెట్టుని రొమ్ముకి అదుముకుని, రెండో చేత్తో తీశాడు.

"ఇందాక చెప్పడం మర్చిపోయా గురువుగారూ" అన్నాడు ఆసామి. "సోమవారం నుంచి మీ సాఫ్ట్‌వేరే వాడతాం. ఫోన్ల దగ్గర కూర్చునే ఇద్దర్నీ మానిపించేస్తున్నా. మొదట్లో అంటే పక్కగదిలోంచి పంపారు గానీ, ఇన్ని డెమోలయ్యాయి, ఈపాటికి వెనక పనంతా అయిపోయుంటుందిగా?"

అవునండీ అనడం ఆయనకి మంచినీళ్ళు తాగినంత సులువు. ఎన్నిసార్లు అనలేదు?

"వాళ్ళని మానిపించకండి" అన్నాడు సారు. "వెనక ఇంకా ఏమీ లేదండీ. ఆ అమ్మాయే పంపుతోంది."

అవతల్నుంచి గురువుగారూ అన్న పిలుపు మళ్ళీ వినిపించలేదు. సారు చెవికి ఫోను ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. బకెట్టు బరువుకి చెయ్యి లాగేస్తోంది.

గోడ అవతల్నుంచి అమ్మ కేకేసింది. "నీళ్ళాగిపోయాయేంట్రా? ఒళ్ళంతా సబ్బు."