మింకో నడుములో గీత

పొద్దున్నే కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టి, బూట్లు తుడుచుకుని, కిటికీలోంచి డాన్యూబు నది వైపు ఓ చూపు చూసి, "ఇవాళ పొగమంచు లేదే నెవెనా" అని పెళ్లానికి చెప్పి పనికి బయల్దేరడం మింకోకు ఏళ్ల తరబడి అలవాటు. బల్గేరియాలోని రూసే ఊళ్లో ట్రాలీబస్సు డ్రైవరతను. అది కరెంటు తీగల్ని పట్టుకుని నడిచే బండి. నెత్తిన రెండు పొడుగాటి కడ్డీలుంటాయి. మలుపు దగ్గర స్టీరింగు పిసరంత ఆలస్యంగా తిప్పారా, కడ్డీలు తీగల్లోంచి జారిపోయి బస్సు నడిరోడ్డు మీద చచ్చినట్టు ఆగిపోతుంది. డ్రైవరు దిగి, వెనక్కి పోయి, తాళ్లు లాగి మళ్లీ తగిలించాలి. లోపలి జనం తిట్లు లంకించుకుంటారు. మింకో బస్సుకి అలా జరగ్గా మా బ్లాకులో ఎవరూ చూడలేదు. మలుపులో నిలబడి కూడా కాఫీ తాగొచ్చు అతని బస్సులో.

అతని ఒక్కగానొక్క కొడుకు యావోర్. ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని, ఇంటికొస్తే కంప్యూటరు ముందు తపస్సు. ఐదుగురు కుర్రాళ్లు ఓ జట్టు కట్టి తుపాకుల ఆట ఆడతారు, ఎవరింట్లో వాళ్లు కూర్చుని. ఆ ఏడు ఏ దేవుడు కరుణించాడో గానీ చివరి మ్యాచ్ దాకా వచ్చేశారు. మ్యాచ్ ఆదివారం మధ్యాహ్నం. గెలిస్తే ఐదుగురికీ తలా ఒక కొత్త మానిటర్.

జట్టు నాయకుడు క్రుమ్ ఫోనులో కేకలేశాడు. "ఒరేయ్ దున్నపోతా, ఇంకా వి-సింక్ పెట్టుకునే ఆడుతున్నావా? అందుకేరా నీ గుండు ఎప్పుడూ పెళ్లయ్యాక వచ్చిన పురోహితుడిలా వస్తుంది! తీసి అవతల పారెయ్యి!"

ఈ వి-సింక్ అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు. కంప్యూటరు బొమ్మల్ని గబగబా పంపుతుంది, పాత మానిటర్ అంత వేగంగా చూపించలేదు. వి-సింక్ ఉంటే ప్రతి బొమ్మా తన వంతు వచ్చేదాకా ఆగుతుంది. చూడ్డానికి బాగుంటుంది, కాని మౌసు కదిలించాక తుపాకీ ఓ లిప్తపాటు ఆలస్యంగా కదులుతుంది. తీసేస్తే తుపాకీ చెప్పినట్టు వింటుంది. కాని ఒక బొమ్మ సగంలో ఉండగానే ఇంకోటి వచ్చి పడుతుంది. పైసగం పాతది, కిందిసగం కొత్తది, మధ్యలో అడ్డంగా చిరుగు. పందెం ఆడేవాళ్లెవరూ ఆ చిరుగుని లెక్కచెయ్యరు. యావోర్ కూడా చెయ్యలేదు, తీసేశాడు.

మర్నాడు పొద్దున స్నానాల గదిలోంచి మింకో కాళ్లు ముందు బయటికొచ్చాయి. నడుము పైభాగం వాటి వెనకాలే, కొంచెం పక్కకి జరిగి వచ్చింది. బెల్టు దగ్గర సన్నగా ఓ అడ్డగీత.

"చొక్కా సరిగ్గా దోపుకో" అంది నెవెనా, రొట్టె కోస్తూ.

అంతే. ఇంకెవరూ పెద్దగా పట్టించుకోలేదు. మెట్ల మీద కాళ్లు దిగాక మిగతా మింకో దిగుతుంటే, ఎదురొచ్చిన కింది వాటా ద్యాన్కా పిన్ని, "ఏం మింకో, నడుమా? మా ఆయనకీ చలిగాలికి మోకాళ్లు ఇలాగే పట్టేవి. వేడినీళ్ల కాపడం పెట్టు నాయనా" అని తన దారిన తను పోయింది.

కాని యావోర్ మాత్రం నాన్న నడుము వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ గీత ఎక్కడో చూసినట్టుంది. గదిలోకెళ్లి ఆట తెరిచాడు. తెర మీద చిరుగు సరిగ్గా అంతే ఎత్తులో ఉంది. వి-సింక్ పెట్టి వంటింట్లోకి తొంగి చూశాడు, నాన్న నిండుగా, నిలువుగా ఉన్నాడు. తీసి చూశాడు. కాళ్లు బల్ల దగ్గర, చేతులింకా అలమర దగ్గర. ఇంక అనుమానం ఏముంది!

మళ్లీ పెట్టేస్తే పోయేది. ఒక్క నొక్కు. వేలు అక్కడిదాకా వెళ్లింది కూడా. అప్పుడే క్రుమ్ నుంచి సందేశం: "నిన్న చించేశావురా! ఆదివారం ఇలాగే!" వేలు ఆగిపోయింది.

ఆదివారం దాకానే కదా, అనుకున్నాడు. గెలిస్తే కొత్త మానిటర్ వస్తుంది. దానికి చిరుగూ ఉండదు, ఆలస్యమూ ఉండదు. నాన్నా బాగుంటాడు, నేనూ బాగుంటాను. మనసుని ఇలా జోకొట్టుకున్నాడు గాని అది పడుకుంటేనా? అందుకని వేరే దారులు వెతికాడు. కంప్యూటరు మీద బరువు తగ్గిద్దామని ఆటలో నీడలు తీసేశాడు, నాన్న నీడ లేకుండా వీధిలో నడిచాడు. బొమ్మల నునుపు తగ్గించాడు, నాన్న మీసంలో వెంట్రుకలన్నీ కలిసిపోయి ముక్కుకింద బూడిదరంగు మరక ఒక్కటే మిగిలింది. బొమ్మల వేగానికి కళ్లెం వేశాడు. ఆ పూట భోజనాల దగ్గర గీత నెమ్మదిగా నడుము నుంచి మెడ దాకా పాకింది. చెంచా పైకొచ్చేసింది, నోరింకా తెరుచుకోలేదు. చిక్కుడుగింజల చారంతా చొక్కా మీదే.

"చంటిపిల్లాడిలా మెడకి గుడ్డ కట్టమంటావా?" అని నెవెనా నవ్వింది. మింకో కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. యావోర్ చెంచా అవతల పెట్టేశాడు. లేచివెళ్లి అన్నీ ముందున్నట్టే పెట్టేశాడు. వి-సింక్ తప్ప.

బుధవారం మలుపు దగ్గర మింకో బస్సు కడ్డీలు జారిపోయాయి. గురువారం రెండుసార్లు జారాయి. రెండోసారి అంతటితో ఆగలేదు. కాళ్లు బస్సుని మలుపులోకి తోసేశాయి, చేతులు వెనకబడ్డాయి. బస్సు పక్క అద్దం, స్టాపులో నిలబడ్డ ద్యాన్కా పిన్ని సంచిని లాక్కుపోయింది. మిరపకాయలు రోడ్డంతా దొర్లాయి.

"జానెడు దూరం!" అంది ద్యాన్కా పిన్ని ఆ సాయంత్రం మింకో ఇంటి గుమ్మంలో నిలబడి. "జానెడు ఇటొస్తే మిరపకాయలతోపాటు నేనూ దొర్లేదాన్ని. నిన్నేం అనను మింకో, నీ సంగతి నాకు తెలీదూ? కాని చూసుకో నాయనా."

యావోర్ తన గదిలో తలుపు చాటున నిలబడి అంతా విన్నాడు. ఇప్పుడే వెళ్లి నొక్కేస్తాను అనుకున్నాడు. మధ్యలో రెండు రోజులే ఉన్నాయి కదా అని కూడా అనుకున్నాడు. ఛీ, ఏం మనిషిని నేను అనుకున్నాడు. ఇన్ని అనుకున్నాడు గాని కుర్చీలో కూర్చుని సాధన మొదలెట్టాడు.

కాసేపటికి మింకో టీ పట్టుకుని వచ్చాడు. రోజూ తెచ్చేవాడే. కప్పు బల్ల మీద పెట్టి, తెర వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మ్యాచ్ ఆదివారం కదూ?"

"అవును నాన్నా."

"ఆదివారంతో అయిపోతుందిగా?"

"ఆ, అయిపోతుంది" అన్నాడు యావోర్, తల తిప్పకుండా. నాన్న ఇంకేమైనా అంటాడేమోనని వీపు బిగబట్టుకుని కూర్చున్నాడు. మింకో మాత్రం ఇంకాసేపు నిలబడి, "టీ చల్లారిపోతుంది, తాగు" అని వెళ్లిపోయాడు.

శుక్రవారం, శనివారం మింకో ఎప్పటిలాగే బూట్లు తుడుచుకుని వెళ్లాడు, ఎప్పటిలాగే వచ్చాడు. కడ్డీలు జారిన కబురేదీ రాలేదు. హమ్మయ్య అనుకున్నాడు యావోర్.

ఆదివారం గెలిచారు. ఆఖరి గుండు యావోర్‌దే. తలుపు సందులోంచి శత్రువు టోపీ అంచు కనిపించీ కనిపించకముందే పేల్చాడు. వి-సింక్ ఉండుంటే అది తగిలేది కాదు, ఒట్టు. క్రుమ్ ఫోనులో గొంతు పోయేలా అరిచాడు. యావోర్ అరవలేదు. ముందు ఆ నొక్కు నొక్కాడు. తరవాత వంటింట్లోకి పరిగెత్తాడు.

మింకో కాల్చిన మిరపకాయలకి తొక్క తీస్తున్నాడు. పైనా కిందా ఒక్క మనిషే. గీత లేదు.

"నాన్నా, గెలిచాం!"

"తెలుస్తూనే ఉంది" అన్నాడు మింకో, తన నడుము తడుముకుని. మొహమంతా వెలిగింది. "నా బంగారుకొండ! ఏమేవ్ నెవెనా, ఆ సీసా తీయవే!"

"ఇంక నీకూ హాయే నాన్నా. రేపట్నించి బస్సు మెత్తగా నడుస్తుంది చూడు."

"బస్సెక్కడిదిరా?" అన్నాడు మింకో, ఇంకో మిరపకాయ అందుకుంటూ. "శుక్రవారమే తాళం ఇచ్చేశాగా. ఆదివారం దాకా సెలవిమ్మన్నాను. సెలవు కావాలంటే డాక్టరుకి చూపించుకోమన్నారు. ఆ మహానుభావుడు టేపు పెట్టి పైసగం, కిందిసగం కొలిచి, బండి నడపడానికి పనికిరాడు అని రాసేశాడు. మావాళ్లు ఒకసారి రాసింది చెరపరు. పోనీలే, బస్సుల షెడ్డు గేటు దగ్గర కూర్చోమన్నారు. నీడ పట్టున పని."

'ఆదివారం దాకా' అన్న మాట దగ్గరే ఆగిపోయాడు యావోర్.

"నీకు... నీకు తెలుసా?"

"రోజూ టీ తెచ్చేది నేనేగా. నా నడుములో గీతని నేను గుర్తుపట్టనట్రా?"

"మరి ఒక్క మాట చెప్పొచ్చు కదా నాన్నా! చెప్పుంటే అప్పుడే పెట్టేసేవాణ్ణి కదా!"

మింకో మిరపకాయ తొక్క మెల్లిగా ఊడదీశాడు.

"నువ్వే చెప్తావేమోనని చూశాను" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉండుంటే యావోర్‌కి ఎంతో బాగుండేది.

కొత్త మానిటర్ మంగళవారం వచ్చింది. నిజంగానే దానికి చిరుగూ లేదు, ఆలస్యమూ లేదు. క్రుమ్ పిలుస్తూనే ఉన్నాడు గాని యావోర్ దాన్ని పెట్టెలోంచి తీసి, తెర వైపు ఓసారి చూసి, మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

ఇప్పుడు తండ్రీ కొడుకూ పొద్దున్నే ఒకే బస్సెక్కుతారు. ఒకరు షెడ్డు గేటుకి, ఒకరు దుకాణానికి. నడిపేది ఎవరో కొత్త మనిషి. మింకో కిటికీ పక్కన కూర్చుంటాడు, యావోర్ అతని పక్కన. ఇద్దరూ వాన గురించి, కూరగాయల గురించి మాట్లాడుకుంటారు. మలుపు దగ్గరపడగానే మింకో మాట ఆపేస్తాడు. ఒళ్లో ఉన్న రెండు చేతులూ వాటంతటవే లేచి, గాలిలో ఓ చక్రాన్ని పట్టుకుని మెత్తగా కుడివైపుకి తిప్పుతాయి.

యావోర్ అటు చూడకూడదనుకుంటూనే చూస్తాడు. ఆ చేతులు ఒక్క లిప్త కూడా ఆలస్యం కావు. బస్సే వాటి వెనకాల తిరుగుతుంది.