ఇస్త్రీ చేసిన పశ్చాత్తాపం

"రుమాలు ఒకటి చాలదే, రెండు పెట్టు. నిరుడు ఇరవయ్యో సాష్టాంగానికే తడిసి ముద్దయిపోయింది" అన్నాడు ఈపెన్, అద్దం ముందు మీసం దువ్వుకుంటూ.

శోశమ్మ రెండో రుమాలు పరిచి ఇస్త్రీపెట్టె ఆనించింది. తెల్లవారకముందే లేచి నూతి దగ్గర చేపల చట్టీలన్నీ బూడిదతో తోమి అటకెక్కించింది. ఈస్టరు ముందు యాభై రోజుల ఉపవాసం మొదలైతే ఇంట్లో చేప వాసన కూడా తగలకూడదు. నిన్న ఆదివారం పేతుర్తా, అంటే మాంసానికి సెలవు చెప్పే విందు. ముప్పైమంది చుట్టాలు వచ్చి బాతు కూరా, గొడ్డుమాంసం వేపుడూ, కర్రపెండలం దుంపా తిని, చేతులు కడుక్కుని వెళ్ళారు. గిన్నెలు మాత్రం ఆమెకి మిగిలాయి. ఇవాళ సోమవారం శుబ్కోనో. ఊరంతా గుడికి వెళ్ళి నలభైసార్లు నేలకి నుదురు ఆనించి, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని క్షమాపణ అడుక్కునే రోజు. మొగుడు ఏడవడానికి కూడా పెళ్ళామే రుమాలు ఇస్త్రీ చెయ్యాలి కాబోలు అనుకుంది.

ఊళ్ళో ఈపెన్‌ది వెన్నలాంటి మనసని పేరు. తప్పిపోయిన కొడుకు కథ వింటే చాలు, కళ్ళు చెరువులవుతాయి. గుడి పాదిరీ అచ్చన్ బలిపీఠం ముందు నుంచే అనేవాడు, మెత్తని హృదయమంటే ఏమిటో ఈపెన్‌ని చూసి నేర్చుకోండని. ఆడవాళ్ళ వైపు నిలబడి శోశమ్మ ఆ మాట ఏటా వింటుంది, ఏటా లోపల్లోపల నవ్వుకుంటుంది. ఆ నవ్వులో తీపి లేదు. ఏడువు నాయనా, ఎంత ఏడ్చినా ఆ ఒక్క మాటా నీ నోట రాదుగా అనుకోవడంలో ఆమెకి ఏదో చేదు సుఖం ఉండేది, దాన్ని పందొమ్మిదేళ్ళుగా పిసినారి బంగారం దాచుకున్నట్టు దాచుకుంది.

ఆ ఒక్క మాట రావాల్సింది పందొమ్మిదేళ్ళ కిందటి పేతుర్తా నాటి సంగతికి. ఆమె పుట్టిన ఊరు రాన్ని నుంచి పొద్దున్నే ఫోనొచ్చింది. నాన్నకి ఊపిరి అందడం లేదు, శోశా ఏదీ, శోశా ఏదీ అని పిలుస్తున్నాడని తమ్ముడు చెప్పాడు. ఆమె చీర మార్చుకోబోయింది. ఈపెన్ గుమ్మంలో నిలబడి, ఇరవైమంది భోజనానికి వస్తుంటే ఎక్కడికి వెళ్తావు, వాళ్ళకి పెట్టి సాయంత్రం వెళ్దువుగాని, ముసలాళ్ళు అంత తొందరగా పోర్లే అన్నాడు. ఆమె పొయ్యి దగ్గరే నిలబడింది. బాతు కూరలో కొబ్బరిపాలు పోసే వేళకి నాన్న పోయాడు. ఆ తర్వాత ఈపెన్ శవపేటికకి భుజం పట్టాడు, భోరున ఏడ్చాడు, అల్లుడంటే అలా ఉండాలని నలుగురూ అన్నారు. ఆ ఉదయం తానన్న మాట గురించి మాత్రం ఇప్పటిదాకా నోరు విప్పలేదు. ఆమె కూడా అడగలేదు. అడిగి తీసుకునే క్షమాపణ ఏం క్షమాపణ అని ఆమె పట్టుదల.

గుడిలో నలభై సాష్టాంగాలూ అయ్యాయి. ఎడమవైపు ఈపెన్ మొదటి రుమాలు తడిపి రెండోది తీశాడు. అచ్చన్ మోకాళ్ళ మీద వంగి తన తప్పులు క్షమించమని అందర్నీ అడిగాడు. ఆ తర్వాత చేతులు కలపడం మొదలైంది. మగవాళ్ళు మగవాళ్ళతో, ఆడవాళ్ళు ఆడవాళ్ళతో. మధ్యలో ఎర్ర తివాచీ ఉంటుంది, దాన్ని ఎవరూ దాటరు. అలా అని ఎక్కడా రాసిలేదు, ఎవరికీ తోచలేదంతే. ఊళ్ళో మగవాళ్ళంతా ముఖం తెలియని వాళ్ళ దగ్గర కూడా క్షమాపణ అడిగి, తేలికపడి, ఇంటికి పోయి పెళ్ళాన్ని అన్నం పెట్టమంటారు.

శోశమ్మ ఎప్పట్లాగే అత్తగారు ఏలిక్కుట్టి వైపు తిరిగి చేతులు చాపి, నన్ను క్షమించండి అమ్మచ్చీ అంది. ఎనభై నాలుగేళ్ళ ముసలావిడ చేతులు పట్టుకుని ఆమె ముఖంలోకి చూసింది.

"ఏటా అడుగుతావు, ఏటా నాకు అర్థం కాదు. నాకేం చేశావే నువ్వు? ఎత్తి కూచోబెడతావు, గంజి తాగిస్తావు. నీకు నిజంగా తప్పుందనిపించిన చోటికి పోయి అడుగు."

ముసలావిడ మామూలుగానే అంది. శోశమ్మకి మాత్రం ఎక్కడో తగిలింది. నిజంగా తన తప్పేమిటి? వెతుక్కుంటే ఒక్కటే దొరికింది, ఆ నవ్వు. పక్కనున్న మనిషి దేవుడి ముందు ఏడుస్తుంటే, మారకపోతే బాగుండునని కోరుకున్న నవ్వు. అతని గుండె రాయి అనుకుంటూ తనదీ రాయి చేసుకుంది. ఆ సంగతి చెప్పుకోవాల్సిన మనిషి తివాచీకి అటువైపున్నాడు. అతను తనకి చెప్పాల్సిన మాటా అతని దగ్గరే ఉంది.

ఆమె తివాచీ దాటింది. గుడి సేవకుడు ఆపబోతే అచ్చన్ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. మగవాళ్ళు తప్పుకున్నారు. ఈపెన్ రుమాలు పట్టుకుని గుడ్లప్పగించి చూశాడు.

"ఇచ్చాయా, మీరిక్కడ ఏడుస్తుంటే పందొమ్మిదేళ్ళు లోపల నవ్వుకున్నాను. మీరు మారకూడదనే కోరుకున్నాను. నన్ను క్షమించండి" అంది. తర్వాత రెండు చేతులూ అలాగే చాపి ఉంచింది. "ఇప్పుడు మీరు అడగండి. ఏమిటో మీకు తెలుసు."

ఈపెన్ కళ్ళు పొడిగా అయిపోయాయి. అందరూ చూస్తున్నారు. ఆమె చేతులు దించలేదు.

"మీ నాన్న పిలిచిన రోజు" అన్నాడు చివరికి, "నిన్ను పంపాల్సింది. చుట్టాల ముందు పరువు పోతుందని పంపలేదు. తెలిసే చేశాను. క్షమించు శోశా."

ఆ మాట చిన్నది. అది వినగానే పందొమ్మిదేళ్ళ బిగువు ఒళ్ళంతా వదిలినట్టయి, శోశమ్మ అతని చేతులు తన చేతుల్లోకి తీసుకుని హాయిగా ఏడ్చింది. వెనక ఇంకో ఆవిడ తివాచీ దాటింది, ఆ వెనక ఇంకొకావిడ. ఏలిక్కుట్టి కుర్చీలోంచి లేవబోతూ, నన్నూ అటు తీసుకెళ్ళండర్రా, మా మరిదితో నాకు నలభై ఏళ్ళ తగువుందని గొడవ. గుడంతా ఏడుపులూ నవ్వులూ కలిసిపోయి, అచ్చన్ ముగింపు ప్రార్థన రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ ఆపేశాడు.

బయటికొచ్చాక ఈపెన్ ఆమె పక్కనే నడుస్తూ, ఇప్పుడు నేనేం చెయ్యాలి అని అడిగాడు.

"నేను నాన్న సమాధి దగ్గరికి వెళ్తున్నాను, ఇటునుంచి ఇటే. మీరు ఇంటికెళ్ళి అమ్మచ్చికి గంజి కాయండి."

వాళ్ళమ్మ వైపూ, రోడ్డు వైపూ చూశాడు ఈపెన్. ఒక్కదానివే వెళ్తావా అని అడగబోయి మానేశాడు. బియ్యానికి నీళ్ళెన్ని పొయ్యాలని మాత్రం అడిగాడు. ఇన్నేళ్ళ కాపురంలో తెలియదని ఒప్పుకుని ఆమెని అడిగిన మొదటి మాట అదే.

రాన్ని బస్సు వచ్చి ఆగింది. శోశమ్మ ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని తల బయటికి పెట్టింది. ముఖమంతా నవ్వు, అందులో ఇప్పుడు చేదు లేదు.

"గిన్నెడు బియ్యానికి ఎనిమిది గిన్నెల నీళ్ళు. అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. పొయ్యి దగ్గర్నుంచి కదలకూడదు ఇచ్చాయా, ఎవరు పిలిచినా."

"కదలను" అన్నాడు ఈపెన్.