రిబ్బను ఉన్న చోట

సూదమ్మకు కోపమొస్తే ఆ సంగతి మొదట తెలిసేది ఆమె కుట్టుమిషనుకి. ఆ సోమవారం పొద్దున్న మిషను చేస్తున్న గోలకి పక్క కొట్లో గడియారాలు బాగుచేసే తాతయ్య కంటి దగ్గరి భూతద్దం తీసి, గోడకేసి చూసి, ఎవరికో మూడింది అనుకున్నాడట. మూడింది మరెవరికో కాదు, చర్చి పాస్టరు గారికి. పాపం, ఆయనకి ఆ ముక్క తెలియదు.

ఆ చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివే పని సంఘంలో ఒక్కొక్కరికీ వంతులవారీగా వస్తుంది. వంతు వచ్చింది కదా అని లేచి గడగడా చదివేసి కూర్చుంటామంటే కుదరదు. వారమంతా ఆ పాఠాన్ని వెంటబెట్టుకుని తిరగాలి. పొద్దున్న చదవాలి, పొద్దుపోయాక చదవాలి, మధ్యలో చేతులు పని చేసుకుంటుంటే మనసులో నాననివ్వాలి. ఏ పాఠమని ఎవరినీ అడగనక్కర్లేదు. ఆరాధన ముగిశాక పాస్టరు గారు వేదిక మీది పెద్ద బైబిల్లో వచ్చే వారం పాఠం దగ్గర ఎర్ర రిబ్బను పెట్టి వెళతారు. రిబ్బను ఉన్న చోట కుడిచేతి పేజీలో మొదటి శీర్షిక కింద ఏముంటే అదే పాఠం.

ఈసారి వంతు సూదమ్మది. ఆదివారం సాయంత్రం ఖాళీ చర్చిలోకి వెళ్ళి పుస్తకం తెరిచిందే గానీ, ఆమె కళ్ళు పడింది వాక్యం మీద కాదు, రిబ్బను కొస మీద. పోగులు పోగులుగా ఊడిపోయి చూడ్డానికే అసహ్యంగా ఉంది. ఇంతమంది వచ్చిపోతారు, ఒక్కరికీ కళ్ళు లేవా అని విసుక్కుంది. ఆమె చేతిసంచిలో సూదీ దారం కత్తెర లేకుండా ఉండే రోజు లేదు. రిబ్బనును పేజీల్లోంచి బయటికి లాగి, చిరిగిన మేరకు కత్తిరించి, కొస మడిచి, చిన్న చిన్న కుట్లు వేసింది. మళ్ళీ పేజీల మధ్య పెట్టి, పుస్తకం మూసి, పని బాగా కుదిరినప్పుడు బట్ట మీద తట్టినట్టే అట్ట మీద రెండు సార్లు తట్టింది. అప్పుడు తీరిగ్గా తెరిచి చదివింది. 

కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చాక, తోడబుట్టినవాళ్ళకి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడి రమ్మని ఉంది అక్కడ.

చదవడానికి వేదిక ఎక్కితే రెండు బారల దూరంలో ఆర్గను ఉంటుంది. ఆర్గను ముందు ఉండేది సూదమ్మ సొంత అక్క. పిల్లలకు సంగీతం చెప్పుకునే ఆవిణ్ణి అందరూ పాటలక్క అంటారు. అక్కాచెల్లెళ్ళకు మాటల్లేక ఏళ్ళు గడిచాయి. సంగతేమిటంటే, పాటలక్క కూతురి పెళ్ళి గౌను సూదమ్మే కుట్టింది. పెళ్ళి ముందు తొడిగి చూసిన పూట, నలుగురి ముందూ, "నీ చెయ్యి మునుపటిలా లేదే" అని పాటలక్క నోరు జారింది. జారిన నోరు అక్కడితో ఆగిందా? గౌను ఇంకో దుకాణానికి వెళ్ళి భుజాలు మార్పించుకుని వచ్చింది. పెళ్ళినాడు సూదమ్మ చివరి బెంచీలో కూర్చుని, దీవెన అవుతూనే చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది. అప్పటినుంచి ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

అంతకు ముందు ఎలా ఉండేవారంటే, కానుకల పాట అప్పుడు అందరూ లేచి వెళ్ళి బల్ల మీద కానుక పెడతారు గదా, వాయించే మనిషికి లేవడానికి వీలుండదు. కనక అక్క కానుక కూడా చెల్లెలే తీసుకువెళ్ళేది. గొడవయ్యాక పాటలక్క తన కానుక కవరు ఒళ్ళో పెట్టుకుని వాయించేది. అందరూ వెళ్ళిపోయాక ఒక్కతే వెళ్ళి పెట్టుకునేది. తలుపు దగ్గర నుంచి సూదమ్మ అది చూసేది, చూడనట్టు వెళ్ళిపోయేది.

ఇదిగో, అలాంటి సూదమ్మ ఇప్పుడు ఆ అక్క చెవి దగ్గర నిలబడి ఆ మాటలు చదవాలి. సమాధానపడకుండా చదివితే అది వాక్యం చదవడం కాదు, నాటకం ఆడటం. అంత మొహం ఆమెకు లేదు. పాస్టరు గారు కావాలనే, సరిగ్గా తన వంతు చూసి ఈ పాఠం పెట్టారని ఆమెకు నమ్మకం కుదిరిపోయింది. సోమవారమంతా ఆయన మీద కారాలూ మిరియాలూ నూరింది. మంగళవారం వంతు మార్చుకుందామని గడియారాల తాతయ్యను బతిమాలింది. ఆయన జలుబు వంక పెట్టాడు. గొంతు బాగానే ఉంది కదా అంటే, ఆదివారానికి వస్తుందిలే అన్నాడు.

బుధవారం ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమచేతివే కుట్టి కూర్చుంది. పిల్లకాయలు కూడా చెయ్యని పొరపాటు! కుట్లు విప్పుతూ, తిట్టుకుంటూ, పాఠం మరోసారి మనసులో చెప్పుకుంది. అప్పుడు తట్టింది ఆమెకు. ఇన్ని రోజులూ తనకి అక్క మీద ఎంత కోపముందో కొలుచుకుంటోంది. వాక్యం దాన్ని అడగనే లేదు. అక్కకి నీ మీద ఏదైనా ఉందా, అని అడుగుతోంది. తప్పెవరిది అని కూడా అడగటం లేదు. ఇదెక్కడి న్యాయం అనుకుంది సూదమ్మ. న్యాయం కాదని తెలిసినా ఆ మాట మనసులోంచి కదల్లేదు. అక్కకి తన మీద ఏముంటుంది? మాట పడింది తను కదా? గురువారం, శుక్రవారం అదే ఆలోచన. మిషను మాత్రం నెమ్మదించింది.

శనివారం మధ్యాహ్నం కొట్టు మూసి, తాడో పేడో తేల్చుకోవాలని అక్క ఇంటికి బయల్దేరింది. దారి పొడుగునా ఏం మాట్లాడాలో కూడబలుక్కుంది. మెట్లెక్కేసరికి లోపల పాటలక్క మరుసటి రోజు పాటలు సాధన చేస్తోంది. సూదమ్మ తలుపు తట్టింది. పాట ఆగింది. తలుపు తెరిచిన పాటలక్క చెల్లెల్ని చూసి, ముందు కంగారు పడింది.

"ఏమే, ఎవరికైనా బాగోలేదా?"

కూడబలుక్కున్నదంతా ఎగిరిపోయింది. సూదమ్మ గుమ్మంలోనే నిలబడి అడిగేసింది.

"నీకు నా మీద ఏదో ఉంది అక్కా. అదేంటో చెప్పు. మధ్యలో మాట్లాడను, వింటాను."

పాటలక్క లోపలికి నడిచింది. వెళ్ళి పియానో ముందు స్టూలు మీద కూర్చుంది. గోడ మీద కూతురి పెళ్ళి ఫోటో ఉంది. దాన్ని చూపించింది.

"అందులో నువ్వు లేవే. నా పక్కన నీకు చోటుంచి, ఫోటోలతన్ని ఎంతసేపు ఆపానో తెలుసా? వస్తుంది, వస్తుంది అంటూనే ఉన్నాను. గౌను పోతే పోయింది. అమ్మ లేని పెళ్ళిలో నువ్వు కూడా లేకపోతే నాకెవరున్నారే?"

సూదమ్మ ఫోటో దగ్గరికి వెళ్ళి చూసింది. నిజమే. పాటలక్క పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఇన్నేళ్ళూ గొడవంతా గౌను గురించే అనుకుంది సూదమ్మ. ఆ ఖాళీ సంగతి ఆమెకు తెలియదు. అక్కడే ఏడ్చేసింది. తప్పయిపోయింది అక్కా, ఉండాల్సింది, అంది. నలుగురిలో ఆ మాట అనకుండా ఉండాల్సింది నేనూ, అంది పాటలక్క. ఇద్దరూ ఒకే తువ్వాలుతో మొహాలు తుడుచుకున్నారు.

కాస్త తెరిపిన పడ్డాక సూదమ్మ, "ఆ పాఠం వారమంతా పీక మీద కూర్చుంది గనక వచ్చాను. లేకపోతే వచ్చేదాన్ని కాదు" అంది.

"ఏ పాఠం?"

"రేపటిదే. కానుక వదిలేసి వెళ్ళి సమాధానపడమన్నది."

పాటలక్క వింతగా చూసింది. "రేపటిది పువ్వుల పాఠం కదే. పాటలు చూసుకోమని పాస్టరు గారు పోయిన ఆదివారమే నాకు చెప్పారు. ఏం తొడుక్కుందామా అని దిగులు పడొద్దు, పొలంలో పువ్వుల్ని చూడండి, అవి నూలు వడకవు అని ఉంటుందే, అది. దర్జీదాని చేత బట్టల గురించి దిగులు పడొద్దని చదివిస్తున్నారని సంఘమంతా నవ్వుకుంటోంది."

సూదమ్మకు అప్పుడు వెలిగింది. రిబ్బను! బయటికి లాగింది తను. కుట్టింది తను. మళ్ళీ పెట్టింది కూడా తనే. ఎక్కడి నుంచి లాగిందో చూసుకోలేదు. పువ్వుల పాఠం ఒకటి రెండు కాగితాల అవతలే ఉంటుంది. పాపం పాస్టరు గారు! వారమంతా ఆయన్ని తిట్టిన తిట్లు గుర్తొచ్చి ఆమెకు సిగ్గు వేసింది, నవ్వూ వచ్చింది.

"అంటే తప్పు పేజీ చూసి వచ్చావన్నమాట" అంది పాటలక్క.

"ఆ."

"వెళ్ళిపోతావా మరి?"

"టీ అయినా పెట్టకుండా పంపేస్తావా?"

పాటలక్క టీ పెట్టింది. తాగుతూ తాగుతూ సూదమ్మ, ఏమాటకామాటే, గౌను మాత్రం నేను బాగానే కుట్టాను అంది. భుజాలు బాగోలేవంది పాటలక్క. బాగున్నాయంటే బాగోలేవని, రెండో కప్పు కూడా అయిపోయేదాకా వాదించుకున్నారు. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. ఇద్దరికీ అంత హాయిగా ఎప్పటినుంచో లేదు.

ఆదివారం సూదమ్మ వేదిక ఎక్కింది. ముందు బెంచీలో గడియారాల తాతయ్య, జలుబూ గిలుబూ ఏమీ లేకుండా, ఎప్పుడెప్పుడా అని చూస్తున్నాడు. తను కుట్టిన రిబ్బను తను పెట్టిన చోటే ఉంది. పేజీ తిప్పేముందు అక్కడి మాటల్ని ఒక్కసారి చూసుకుంది. కాగితాలు తిప్పి, రిబ్బను పువ్వుల దగ్గర పెట్టి, చదవడం మొదలుపెట్టింది. పువ్వులు నూలు వడకవన్న చోట వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సూదమ్మకూ నవ్వొచ్చి, ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని చదివింది. దిగులు పడొద్దన్న మాట ఎప్పుడూ లేనంత నిజంగా వినపడింది ఆమెకు.

తర్వాత కానుకల పాట. వరసలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. సూదమ్మ తన కవరు పట్టుకుని నడుస్తూ ఆర్గను దగ్గరికి వచ్చేసరికి ఆమె కాళ్ళు వాటంతటవే ఆగాయి. పాటలక్క తల తిప్పలేదు. ఎడమచేత్తో పాట నడిపిస్తూనే, కుడిచేత్తో ఒళ్ళో ఉన్న కవరు తీసి పక్కకి చాచింది.

"నాదీ పెట్టు" అంది.

సూదమ్మ అందుకుంది. రెండు కవర్లూ ఒకే చేత్తో పట్టుకుని బల్ల దాకా నడిచి, పక్కపక్కన పెట్టింది.